మూడువందల ఐదు అంటే 3005 రాస్తోంది. స్థానవిలువ ఎలా అర్థం చేయించాలి?

చిన్నితల్లి · సోమవారం, రాత్రి 9:12

మా పాప మూడో తరగతి. ఇవాళ సాయంత్రం కూర్చోబెట్టి సంఖ్యలు చెప్పి రాయించాను. "మూడువందల ఐదు" అన్నాను, 3005 రాసింది. "నూట పన్నెండు" అంటే 10012. "రెండువందల నలభై ఏడు" ఒకసారి 247 అని సరిగ్గానే రాసింది, కాసేపాగి మళ్లీ అడిగితే 20047. చదవమంటే మాత్రం 305ని తడుముకోకుండా చదివేస్తుంది.

విచిత్రం ఏంటంటే స్థానవిలువ పాఠం బడిలో ఎప్పుడో అయిపోయింది. పరీక్షలో పదికి తొమ్మిది వచ్చాయి. "582లో 8 స్థానవిలువ ఎంత?" అంటే "ఎనభై" అని టక్కున చెప్తుంది. ముఖవిలువ, విస్తరణ రూపం అన్నీ వచ్చు. మరి ఇదేంటి? రెండుసార్లు కసురుకున్నాను కూడా, తర్వాత నాకే బాధేసింది. ఎక్కడ తేడా కొడుతోందో ఎవరైనా చెప్పగలరా?

పలకబలపం · రాత్రి 9:30

మా వాడు రెండో తరగతి, వాడిదీ ఇదే వరస. నూట ఐదు అంటే 1005. పెద్దయితే వాడికే తెలుస్తుందిలే అని వదిలేశా. ఇప్పుడు మీ పాప మూడో తరగతి అంటున్నారు, భయం మొదలైంది. ఇక్కడే ఓ మూల కూర్చుంటా.

లెక్కలమాస్టారు · రాత్రి 10:05

అమ్మా, ఇందులో పెద్ద రహస్యం ఏమీ లేదు. గడులు గీయించండి. వందలు, పదులు, ఒకట్లు. గడికి ఒక్క అంకే. రోజుకి ఇరవై సంఖ్యలు చెప్పి ఆ గడుల్లో రాయించండి. పదిహేను రోజుల్లో దారికొస్తుంది. ముప్పై ఏళ్లుగా నేను చేయిస్తున్నది ఇదే. ఈ కాలం తల్లిదండ్రులు ప్రతిదానికీ "ఎందుకు" అంటారు గానీ చేయించడానికి ఓపిక ఉండదు. మిమ్మల్ని అనడం లేదు.

సుద్దముక్క · రాత్రి 10:48

చిన్నితల్లి గారూ, పాప తప్పులో ఒక లెక్క ఉంది చూడండి. చెవికి ఏం వినపడిందో అదే రాసింది. మూడువందలు అన్నారు, 300 వేసింది. ఐదు అన్నారు, పక్కన 5 వేసింది. అదే 3005. ఊరికే పరధ్యానంగా రాసిన పిల్ల అయితే 3005, 10012, 20047 అన్నీ ఒకే పద్ధతిలో తప్పవు.

మాటలో "వంద" అని నోరారా అంటాం. రాతలో ఆ వంద ఎక్కడుంది? దానికి గుర్తేమీ లేదు. 3 నిలబడ్డ చోటే వంద అని చెప్పాలి. మనం ఎన్నో ఏళ్లుగా రాస్తున్నాం కాబట్టి ఆ కనబడని వంద మనకి కనబడుతుంది, పిల్లకి కనబడదు.

ఇక ఆ తొమ్మిది మార్కులు. "8 స్థానవిలువ ఎంత" అన్న ప్రశ్నకి జవాబు చెప్పడానికి సంఖ్య అర్థం కానక్కర్లేదు. కుడి నుంచి రెండోదైతే ఒక సున్నా తగిలించు, మూడోదైతే రెండు తగిలించు. అది ఒక ఆటలా వచ్చేస్తుంది పిల్లలకి. నేను పంతొమ్మిదేళ్లుగా చిన్న తరగతులకే చెప్తున్నాను, మొదటి నాలుగైదేళ్లు ఆ ప్రశ్నకి జవాబొస్తే పాఠం వచ్చిందనే అనుకున్నాను.

ఒక పని చేసి చూడండి. 16 పుల్లలో గుండీలో పాప ముందు పోసి లెక్కపెట్టమనండి. కాగితం మీద 16 రాయమనండి. ఆ 6 చుట్టూ గీత గీసి "ఇది ఏ పుల్లలు?" అనండి. ఆరు తీసి చూపిస్తుంది. తర్వాత 1 చుట్టూ గీసి "మరి ఇది?" అనండి. సాయం చేయకండి, కనుబొమ్మలు కూడా ఎగరేయకండి. ఏం చూపించిందో ఇక్కడ రాయండి. ఇది నేను కనిపెట్టింది కాదు, కాన్‌స్టన్స్ కామీ అనే పరిశోధకురాలు 1980లలో చిన్నపిల్లలతో ఇలాగే 16 పెట్టి అడిగి, వాళ్లు చెప్పినవి రాసిపెట్టారు.

చిన్నితల్లి · మంగళవారం, రాత్రి 8:20

అడిగాను. అగ్గిపుల్లలతో.

6కి ఆరు పుల్లలు లెక్కపెట్టి పక్కకి జరిపింది. 1 చూపించగానే ఒకే ఒక్క పుల్ల తీసి కాగితం మీద ఆ 1 పక్కనే నిలువుగా పెట్టింది. అచ్చం 1 లాగే ఉంది కూడా. మధ్యలో తొమ్మిది మిగిలాయి. "మరి ఇవేంటమ్మా?" అన్నాను. "అవి మిగిలినవి" అంది. ఏమాత్రం ఇబ్బంది లేదు మొహంలో. పదహారూ తనే లెక్కపెట్టింది, తనే 16 అని రాసింది, ఆరూ ఒకటీ పోగా తొమ్మిది పుల్లలు ఎవరివీ కాకుండా అలా పడున్నాయి. నాకు కాసేపు ఏమీ తోచలేదు.

వెంటనే "16లో 1 స్థానవిలువ?" అని అడిగా. "పది" అంది.

కొత్తపంతులమ్మ · మంగళవారం, రాత్రి 8:41

అమ్మో. "పది" అని చెప్పి ఒక పుల్ల చూపించడం! నేను ఈ ఏడే బడిలో చేరాను, రెండో తరగతి ఇచ్చారు. రేపే చేసి చూస్తాను. మా పిల్లల్లో ఇంకో రకం కూడా ఉంది. మూడువందల ఐదుకి 35 రాస్తారు. పదులు వినబడలేదు కదా, అందుకని వదిలేస్తారు.

సుద్దముక్క · మంగళవారం, రాత్రి 9:55

చిన్నితల్లి గారూ, ఆ మిగిలిన తొమ్మిదే అసలు పాఠం. గాభరా పడకండి. పాపకి సంఖ్య తెలుసు, రాత తెలుసు, రెంటికీ మధ్య వంతెన కట్టలేదెవరూ. అంతే.

ఓ నలభై, యాభై పుల్లలు, గుప్పెడు రబ్బరు బ్యాండ్లు తీసుకోండి. ఎన్ని ఉన్నాయో పాపనే చెప్పమనండి. ఒక్కొక్కటే లెక్కపెడుతుంది, మధ్యలో మీరు ఏదో మాట కలపండి, లెక్క తప్పుతుంది. మళ్లీ మొదటి నుంచి. అప్పుడు పదేసి చొప్పున కట్టలు కట్టమనండి. ఈసారి మధ్యలో మాట కలిపినా ఏమీ కాదు. కట్ట ఎందుకు కట్టాలో అలా తనకే తెలియాలి. ముందే మీరు కట్టలు కట్టి ఇస్తే దాని దృష్టిలో అది ఒక లావు పుల్ల, అంతే.

నాలుగు కట్టలు, మూడు విడి పుల్లలు వచ్చాయనుకోండి. "ఇక్కడ మొత్తం ఎన్ని?" అనండి. "ఏడు" అంటుంది ఒక్కోసారి. అననివ్వండి. ఒక కట్ట విప్పి చూపించండి. మళ్లీ తనతోనే కట్టించండి. కట్ట ఒకటా, పదా? రెండూ. ఒకే వస్తువు ఒకటిగానూ పదిగానూ ఉండటం పిల్లలకి అంత తేలిగ్గా మింగుడుపడదు. దానికి వారం పట్టినా పర్వాలేదు. ఆ తర్వాతే 43 అని రాయించండి. 4 కింద కట్టలు, 3 కింద పుల్లలు. అంకె రాసేముందు వస్తువు, వస్తువు చూశాక అంకె.

పది కట్టలయ్యాక వాటిని కలిపి ఒక మోపు. అది వంద. ఇక్కడ మీ 305 దగ్గరికి వస్తాం: మూడు మోపులు, కట్టలు లేవు, ఐదు పుల్లలు. "కట్టలు లేవు" అన్న మాట పాప నోటి నుంచి రావాలి.

లెక్కలమాస్టారు · మంగళవారం, రాత్రి 10:20

టీచర్‌గారూ, బాగానే ఉంది గానీ పుల్లలతో ఎన్నాళ్లు? పరీక్షకి పుల్లల సంచి పట్టుకెళ్తుందా? గడులు గీస్తే కట్టలు లేని చోట ఖాళీ గడి కనబడుతుంది, అందులో సున్నా వేస్తుంది. అదే పని కదా. పుస్తకంలో పూసల చట్రం ఎలాగూ ఉంది.

సుద్దముక్క · మంగళవారం, రాత్రి 10:37

మాస్టారూ, గడులు నేనూ గీయిస్తాను. కానీ తర్వాత. కట్టలు కట్టని పిల్లకి గడులిస్తే ఏమవుతుందో చూడండి. 27కి 15 కలపమన్నాను ఒకసారి. ఒకట్ల గడిలో ఏడూ ఐదూ పన్నెండు, పదుల గడిలో రెండూ ఒకటీ మూడు. గడులు చక్కగా గీశాడు బాబు, ఒక గడిలో 3, ఇంకో గడిలో 12. జవాబు 312 అన్నాడు. ఇరవై చిల్లరకీ పదిహేనుకీ కలిపి మూడువందలు వస్తుందా అంటే, "కూడిక అలాగే వచ్చింది టీచర్" అన్నాడు. పన్నెండు పుల్లలు చేతిలో ఉన్నప్పుడు మాత్రం ఎవరూ చెప్పకుండానే పదింటికి రబ్బరు బ్యాండు వేసి పక్క గుంపులోకి తోశాడు. గడి ఆ పని చేయించదు. చట్రమూ అంతే: పదుల కడ్డీ మీది పూస, ఒకట్ల కడ్డీ మీది పూస ఒకే సైజు. ఆ పూసలో పది ఉన్నాయని ముందే తెలిసినవాడికే అది పనికొస్తుంది.

పలకబలపం · మంగళవారం, రాత్రి 10:50

మరి ఆట నోట్లు? పది నోటు, వంద నోటు మా ఇంట్లో ఓ డబ్బా నిండా ఉన్నాయి. పుల్లలంటే మా వాడు కత్తియుద్ధం మొదలెడతాడు.

సుద్దముక్క · మంగళవారం, రాత్రి 11:02

నోట్లూ ఆ పూసల జాతే. పది నోటుని విప్పితే పది ఒకట్లు రాలవు, "మార్చుకోవాలి". కట్టలతో ఓ పది రోజులు ఆడాక నోట్లు ఇవ్వండి, చాలా బాగుంటాయి అప్పుడు. కత్తియుద్ధం గురించి నా దగ్గర మందు లేదు.

ఖాళీగడి · బుధవారం, ఉదయం 6:15

నేను టీచర్ని కాదు, కంప్యూటర్ ప్రోగ్రాములు రాసుకునేవాణ్ని. ఈ చర్చ చదివి రాత్రి నిద్రపట్టలేదు. రెండు సంగతులు.

ఒకటి, 35 రాసే పిల్లల గురించి కొత్తపంతులమ్మ గారు రాశారు కదా. బాబిలోనియా లేఖకులకీ ఇదే తంటా. వాళ్లది అరవైల లెక్క, స్థానాన్ని బట్టే విలువ. మధ్యలో ఒక స్థానంలో ఏమీ లేకపోతే మొదట్లో ఊరికే ఖాళీ వదిలేవారు. ఆ ఖాళీ ఉందో లేదో చదివేవాడు ఊహించుకోవాలి. చాలా శతాబ్దాల తర్వాత గానీ ఆ చోట వేయడానికి ఒక గుర్తు పెట్టుకోలేదు. రోమన్లు అసలు ఈ గొడవే పెట్టుకోలేదు. CCCV అని వందకి C, ఐదుకి V, ప్రతిదానికీ విడి గుర్తు. చోటుతో పనిలేదు, అందుకే సున్నాతోనూ పనిలేదు. ఒకరకంగా చిన్నితల్లి గారి పాప రాసేది రోమన్ పద్ధతే: 300 ఒక ముక్క, 5 ఒక ముక్క, పక్కపక్కన.

499లో ఆర్యభటుడు "స్థానాత్ స్థానం దశగుణం స్యాత్" అన్నాడు. ఒక చోటు నుంచి పక్క చోటుకి పదిరెట్లు. నాలుగు మాటలే. 628లో బ్రహ్మగుప్తుడు సున్నాతో కూడికా తీసివేతా ఎలా చేయాలో సూత్రాలు రాశాడు. యూరప్‌లో ఫిబొనాచీ ఈ అంకెల గురించి పుస్తకం రాసేసరికి 1202. పెద్ద పెద్దవాళ్లకి ఇన్ని వందల ఏళ్లు పట్టింది, మూడో తరగతి పిల్లకి మనం రెండు వారాలు ఇస్తున్నాం.

రెండోది మన భాష. ఇప్పుడు ఇరవై, ముప్పై అంటున్నాం గానీ పాత రూపాలు చూడండి: ఇరువది, ముప్పది, నలుబది, ఏబది, అరువది. అన్నింట్లో "పది" దాక్కుని ఉంది. ఇరు-పది, ము-పది. ముప్పది అంటేనే మూడు పదులు! వాడుకలో అది అరిగిపోయి "పై", "భై" అయింది, పిల్లకి పది వినబడటం మానేసింది.

కొత్తపంతులమ్మ · బుధవారం, రాత్రి 7:40

ఖాళీగడి గారూ, ముప్పది సంగతి ఇవాళే తరగతిలో వాడేశాను! "మూడు పదులు, ము-ప్పది" అని పాడించాను.

మా దగ్గర ఇంకో చిక్కు ఉంది. ఇంగ్లిష్ మీడియం పిల్లలు "సిక్స్‌టీన్" వినగానే ముందు 6 వేస్తారు, తర్వాత 1. 61 అవుతుంది. అదే "పదహారు" అంటే ముందు పది వినబడుతుంది, 16 సరిగ్గా వస్తుంది. "థర్టీన్", "థర్టీ"లకీ తడబడతారు, "పదమూడు", "ముప్పై"లకి తడబడరు. అందుకని నేను ఇంగ్లిష్‌లో చెప్పాక వెంటనే తెలుగులో కూడా అంటున్నాను.

ఆ 16 పరీక్ష చేశాను. 22 మందిలో పది పుల్లలు చూపించినవాళ్లు ఏడుగురు.

ఒక సందేహం. నిన్న మా తరగతిలో అభ్యాసపత్రంలో "346లో ఎన్ని పదులు ఉన్నాయి?" అని ఉంది. జవాబు 4 అని ఇచ్చారు. ఒక పిల్ల 34 రాసింది. తప్పు కొట్టాను. ఇంటికొచ్చాక ఈ చర్చ చదువుతుంటే చెయ్యి వణికింది. తప్పు కొట్టాల్సింది కాదా?

లెక్కలమాస్టారు · బుధవారం, రాత్రి 8:05

4 కరెక్టు. పదుల స్థానంలో ఏముందో అదే పదుల సంఖ్య. 34 అంటే మిగతా పిల్లలు గందరగోళపడతారు.

సుద్దముక్క · బుధవారం, రాత్రి 9:15

నేను ఒప్పుకోను మాస్టారూ. పదుల స్థానంలో ఉన్న అంకె ఏది అంటే 4. ఎన్ని పదులు ఉన్నాయి అంటే 34. మూడు మోపులు విప్పండి, ముప్పై కట్టలు రాలుతాయి, బయట ఇంకో నాలుగు కట్టలున్నాయి. ఆ పిల్లకి రెండు మార్కులు వేయాలి నన్నడిగితే. కొత్తపంతులమ్మా, రేపు వెళ్లి దిద్దు తల్లీ, అందరి ముందూ.

లెక్కలమాస్టారు · బుధవారం, రాత్రి 9:22

మాటల గారడీ ఇది. 34 పదులు అని తెలిస్తే ఒరిగేదేంటి?

సుద్దముక్క · బుధవారం, రాత్రి 9:58

402 లోంచి 178 తీసేయండి. మీ పిల్లలు ఎలా చేస్తారు? 2 లోంచి 8 పోదు, పక్కింటికి అప్పుకి వెళ్తారు, అక్కడ సున్నా, వాడి దగ్గరే ఏమీ లేదు, మళ్లీ వాడు అవతలి ఇంటికి వెళ్లాలి, 4 కొట్టేసి 3, సున్నా మీద 10, ఆ 10 కొట్టేసి 9, చివర్లో 12. మూడు కొట్టివేతలు. ఎక్కడో ఒకచోట తప్పుతారు. ఎక్కువగా ఆ 9 దగ్గరే.

34 పదులు తెలిసిన పిల్ల చూసేది వేరు. 402 అంటే 40 పదులు, 2 ఒకట్లు. ఒక పది విప్పితే 39 పదులు, 12 ఒకట్లు. 12 లోంచి 8 పోతే 4. 39 లోంచి 17 పోతే 22. జవాబు 224. 40 కొట్టేసి 39. ఒక్క కొట్టివేత. సున్నా దగ్గర ఆగాల్సిన పనే లేదు.

భాగహారంలోనూ ఇంతే. 346ని 5తో భాగించేటప్పుడు "3 లోకి 5 పోదు, 34 తీసుకో" అంటాం కదా మనం. ఆ 34 ఏంటి మాస్టారూ? 34 పదులే కదా.

లెక్కలమాస్టారు · గురువారం, ఉదయం 5:50

రాత్రి కాగితం మీద నాలుగైదు చేసి చూశాను. 1000 - 637 కూడా. 99 పదులు, 10 ఒకట్లు. 363. బాగుంది. ఇన్నేళ్లూ "అప్పు తెచ్చుకో" అని చెప్తూ వచ్చాను, తెచ్చుకున్నవాడు తిరిగి ఇవ్వడేంటి సార్ అని ఒకడు అడిగితే నోరుమూయించాను. ఈ పద్ధతిలో ఎవడూ ఎవడికీ అప్పు పడడు, కట్ట విప్పుకుంటున్నాడంతే.

అయినా పరీక్ష పేపర్లో "ఎన్ని పదులు" అని ఉంటే 4 రాయమని చెప్పండమ్మా. దిద్దేవాడు మీ టీచర్‌గారు కాదు.

చిన్నితల్లి · తర్వాతి గురువారం, రాత్రి 9:05

అందరికీ నమస్తే. పదిరోజులైంది, ఎక్కడికొచ్చామో చెప్తాను.

మొదటి మూడు రోజులూ కట్టలే. రబ్బరు బ్యాండు రెండు చుట్లు తిప్పడం రాక విసుక్కుంది, నేను కట్టిస్తానంటే ఒప్పుకోలేదు. నాలుగో రోజు 16 పెట్టి మళ్లీ అడిగాను. 1 మీద వేలు పెట్టి ఆగింది. ఒక పుల్ల తీసింది, పెట్టేసింది. మిగిలినవి చూసింది. తర్వాత పది ఏరి కట్ట కట్టి 1 కింద పెట్టి, నా వైపు కూడా చూడకుండా "ఇది కట్ట" అంది.

రాత దగ్గర మాత్రం 3005 పోలేదు. అప్పుడు పాత కేలండరు అట్ట కోసి కార్డులు చేశాను. 300 కార్డు పొడుగ్గా, 40 దానికంటే పొట్టిగా, 5 ఇంకా పొట్టిగా. కుడి అంచు కలిసేలా ఒకదానిమీద ఒకటి పెడితే 345 అవుతుంది, కింద 300 దాక్కుని ఉంటుంది. 300 మీద 5 పెట్టించాను. 305 వచ్చింది. 5 కార్డు ఎత్తింది, కింద సున్నా. మళ్లీ పెట్టింది. ఎత్తింది. ఓ ఇరవైసార్లు చేసుంటుంది. "ఐదు సున్నా మీద కూర్చుంది, పక్క సున్నా మీద ఎవరూ కూర్చోలేదు" అంది. తర్వాత తను ముందు రాసిన 3005ని నోట్సులో వెతికి పట్టుకుని "మూడువేల ఐదు" అని చదివి పకపకా నవ్వింది.

ఇప్పుడు వందల్లో తప్పులు దాదాపు లేవు. వేలల్లోకి వెళ్తే మళ్లీ మొదలు: వెయ్యిన్నీ ఇరవైకి 100020 రాసింది. కసరలేదు ఈసారి. వెయ్యి కార్డు కోయడానికి అట్ట అయిపోయింది.

సుద్దముక్క · రాత్రి 9:31

"పక్క సున్నా మీద ఎవరూ కూర్చోలేదు". ఈ మాట నేను రేపు తరగతిలో వాడుకుంటాను, పాపకి చెప్పండి.

వెయ్యికి పుల్లలు మొత్తం పోగెయ్యక్కర్లేదు. పది మోపులు కలిపితే ఎంత పెద్దదవుతుందో చేతులు చాపి చూపించమనండి చాలు.

పలకబలపం · రాత్రి 10:10

ఇన్ని రోజులూ చదువుతూనే ఉన్నా, ఇవాళ ధైర్యం చేసి మా వాడికీ 16 పెట్టా. వీడు కట్టలకి బాగా అలవాటు పడ్డాడు కదా, 1 చూపించగానే ఠక్కున కట్ట చూపించాడు. నేను గర్వంగా పొంగిపోతుంటే 6 మీద వేలు పెట్టి, "మరి దీనికి ఇంకా ఆరు కట్టలు కావాలి కదా నాన్నా, పుల్లలు చాలవు" అన్నాడు.

సుద్దముక్క · రాత్రి 10:24

హహ్హ! ఇది కొత్తది, నాకూ తగల్లేదు ఇప్పటిదాకా. రేపు 11 పెట్టి అడగండి. రెండు అంకెలూ అచ్చం ఒకేలా ఉంటాయి, ఏది కట్టో ఏది పుల్లో వాడే తేల్చాలి. ఏమన్నాడో రాయండి.